జేబులో జడ్జిగారు

షూటింగ్ క్లబ్బులో అందరూ ఆయన్ని అనుమానం మేస్త్రి అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనకి ఆ పేరంటే కోపం లేదు సరికదా, కొత్తగా చేరినవాళ్ళెవరైనా మర్యాదగా "మేస్త్రి గారూ" అని పిలిస్తే, "ఏ మేస్త్రి? తాపీ మేస్త్రా, వంట మేస్త్రా? పూర్తి పేరు పెట్టి పిలవండి" అనేవాడు.

పేరుకు తగ్గ మనిషే. నాలుగు తూటాలు పేలి ఐదో తూటా దగ్గర మొరాయించిందని ఎవరైనా పిస్తోలు పట్టుకొస్తే, ఆయన ముందు పిస్తోలును అనుమానించడు. తెచ్చినవాణ్ణి అనుమానిస్తాడు. "ఎలా పట్టుకున్నావు? చూపించు." మణికట్టు వదులుగా ఉంటే పైనున్న స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్ళదు, తరవాతి తూటా సరిగా ఎక్కదు. మణికట్టు గట్టిదేనని తేలితే తూటాల పెట్టె మీద పడతాడు. మందు పలచగా ఉన్న తూటాకి స్లైడును తన్నే సత్తువ ఉండదు. అదీ కాదంటే మ్యాగజైన్. వేరే దారి లేనప్పుడు, ఆఖరున, పిస్తోలు.

"ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే జబ్బు పోతుంది గానీ జబ్బేమిటో తెలియదు. అది వైద్యం కాదు, అదృష్టం." ఇరవై రెండేళ్ళుగా ఇదే పాట.

నూటికి డెబ్భైసార్లు దొంగ మ్యాగజైనే. మ్యాగజైన్ అంటే పిస్తోలు పిడిలో దూర్చే సన్నటి రేకు డబ్బా. అడుగున ఒక స్ప్రింగు, స్ప్రింగు మీద పలక, పలక మీద ఒకదానిపై ఒకటి తూటాలు. స్ప్రింగు పైకి నెడుతుంటే, పైనున్న రెండు రేకు అంచులు తూటా ఎగిరిపోకుండా పట్టుకుంటాయి. ఆ అంచుల్ని మేస్త్రి పెదవులంటాడు. "పెదవులు బిగిస్తే మాట బయటికి రాదు. వదులైతే రెండు మాటలు ఒకేసారి వచ్చి గొంతులో ఇరుక్కుంటాయి. మీ అత్తయ్యను చూస్తే నీకే అర్థమవుతుంది" అని మేనకోడలికి పాఠం చెప్పాడొకసారి. ఆ పాఠం అత్తయ్యకు అదేరోజు సాయంత్రం చేరింది. ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు.

ఇక్కడొక చిక్కుంది. క్లబ్బులో మ్యాగజైన్లు సిమెంటు నేల మీద పడుతుంటాయి, ఒకరివి ఒకరికి మారుతుంటాయి. అలాంటి వాటితో పిస్తోలును పరీక్షిస్తే తప్పు ఎవరిదో తేలదు. అందుకని మేస్త్రి ఒక్క మ్యాగజైన్‌ను పక్కన పెట్టుకున్నాడు. మొదట కొన్న పెట్టెలోది, ఎప్పుడూ కింద పడనిది, గుర్తుకి గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టింది. దాని పేరు జడ్జిగారు. జడ్జిగారిని దూర్చి, పేలని డమ్మీ తూటాలు నింపి, చేత్తో స్లైడు లాగి వదులుతాడు. పది తూటాలూ సాఫీగా ఎక్కి దిగితే పిస్తోలు నిర్దోషి. ఇరుక్కుంటే దోషి. మెడలో 'పనికిరాదు' అన్న ఎర్ర చీటీ పడుతుంది. పై కోర్టు లేదు.

జడ్జిగారి నివాసం మేస్త్రి చొక్కా ఎడమ జేబు.

మేస్త్రి పనిగది గోడ మీద ఆయన దస్తూరీతోనే ఒక బోర్డు ఉంది. 'ఈ గదిలోని వస్తువు ఏదీ గడప దాటరాదు. ఎవరికీ మినహాయింపు లేదు. దాటించినవారు నెల రోజులు పొద్దున్న ఆరింటి బ్యాచ్ వెనక పేలిన తూటాల ఖాళీ తొడుగులు ఏరవలెను.' ఉత్త బెదిరింపు కాదది. మూడు పతకాలు గెలిచిన బట్టతలాయన గొట్టం తుడిచే బ్రష్షు ఒకటి పొరపాటున సంచిలో వేసుకుపోయినందుకు నెల రోజులు వంగి ఇత్తడి తొడుగులు ఏరాడు. అలాంటి గడపను జడ్జిగారు మాత్రం రోజూ సాయంత్రం ఐదింటికి దర్జాగా దాటి, జేబులో కూర్చుని, బస్సెక్కి మేస్త్రి ఇంటికి వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చేవాడు. అడిగేవాడు లేడు గానీ, అడిగితే చెప్పడానికి మేస్త్రి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: బోర్డు మీద రాసింది వస్తువు అని. జడ్జిగారు వస్తువు కాదు.

మేస్త్రి పుట్టుకతో తుపాకుల మనిషి కాదు. కుర్రతనంలో బట్టల కార్ఖానాలో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. అక్కడ మూడో వరసలో కిటికీ పక్క మిషన్ మీద ఒకమ్మాయి కూర్చునేది. ఉన్నట్టుండి ఆ మిషన్ కుట్లు తప్పడం మొదలుపెట్టింది. ఈయన మొదటిరోజు దారం మార్చాడు, రెండోరోజు బాబిన్ కేసు మార్చాడు, మూడోరోజు బల్లకింద దూరి పట్టా విప్పాడు. నాలుగోరోజు సూది చూశాడు. సూది వెనక్కి తిప్పి బిగించి ఉంది. "నాలుగేళ్ళుగా కుడుతున్నావు, సూది ఎటు పెట్టాలో తెలీదా?" అని కసిరాడు. ఆ అమ్మాయి తల వంచుకుని, "తెలీదండీ" అంది. పెళ్ళైన ఏడాదికి, ఏదో మాటల్లో, "తిప్పి పెట్టింది నేనే. మీరు నాలుగురోజులు తీసుకుంటారని మాత్రం అనుకోలేదు" అని చావు కబురు చల్లగా చెప్పింది. అన్నిటినీ అనుమానించే మనిషి ఆ ఒక్కరిని అనుమానించడం అప్పుడూ నేర్చుకోలేదు, తరవాతా నేర్చుకోలేదు.

కార్ఖానా మూతపడ్డాక క్లబ్బులో గురిబొమ్మల్ని ముందుకీ వెనక్కీ లాగే తీగలు బాగుచేయడానికి వచ్చాడు. అక్కడి పాత మేస్త్రి ఈయన చేతులు చూసి, "ఇక్కడా అదే కథ నాయనా, అక్కడ దారం ఎక్కాలి, ఇక్కడ తూటా ఎక్కాలి" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. శిక్షణలూ అనుమతి కాగితాలూ అన్నీ అయ్యాక ఆ స్టూలు ఈయనదైంది.

ఇక మేనకోడలు. దాని ముద్దుపేరు గడుగ్గాయి. క్లబ్బులో పొద్దున్న ఆరింటి బ్యాచ్‌కి కోచ్. ఆ బ్యాచ్‌లో పదకొండుమంది ఆడవాళ్ళు. ఒక నర్సు, ఒక స్కూలు బస్సు డ్రైవరు, పిస్తోలు ఎత్తేదాకా చేతులు వణికే రిటైరైన పోస్టుమాస్టరమ్మ, ఇంట్లో మాటల్లేకపోయినా ఇక్కడ మూడో గురిబొమ్మ వరసలో ఒకరు నాలుగోదాని వరసలో ఒకరు పక్కపక్కనే నిలబడి పోటీపడే ఇద్దరు తోడికోడళ్ళు, ఇంకా కొందరు. వీళ్ళకోసం కమిటీ చుట్టూ రెండేళ్ళు తిరిగి, గడుగ్గాయి ఆరు పాత పిస్తోళ్ళు సాధించింది. ఆ ఆరే వాళ్ళ ఆస్తి.

ఈమధ్య మూడో వరసలోనో నాలుగో వరసలోనో అప్పుడప్పుడు తూటా ఇరుక్కుంటోంది. గడుగ్గాయి సోమవారం ఆరింటినీ తెచ్చి, "ఒకసారి చూడు మావయ్యా" అని బల్ల మీద పెట్టింది. పాపం, మంచికే పెట్టింది.

జడ్జిగారు ఆరింటినీ దోషులన్నారు.

మేస్త్రి అంతటితో ఆగలేదు. ఒక్కోదానికి ఒక్కో రోగం రాశాడు. మొదటిదానికి తూటా ఎక్కే వాలు అరిగింది. రెండోదానికి స్లైడు స్ప్రింగు సొలసింది. మూడోదాని మ్యాగజైన్ గొళ్ళెం వదులు. నాలుగోది 'సాధారణ వృద్ధాప్యం'. ఐదోదానికీ ఆరోదానికీ ఏం రాశాడో ఆయన దస్తూరీలో ఆయనే చదవలేకపోయాడు గానీ, రాసింది మాత్రం నమ్మకంగానే రాశాడు. ఆరు మెడల్లో ఆరు ఎర్ర చీటీలు పడ్డాయి.

ఈ కబురు వినగానే సెక్రటరీగారి మొహం విచ్చుకుంది. ఆయనకి ఆరింటి బ్యాచ్ అంటే మొదటినుంచీ గిట్టదు. పార్కింగులో తన కారు చోట స్కూలు బస్సు నిలబడుతుంది. "శుక్రవారం మధ్యాహ్నం కమిటీ ఉంది మేస్త్రీ. సంతకం చేసి జాబితా ఇవ్వండి. ఆరూ తుక్కులోకి పంపి, ఆ బ్యాచ్ ఎత్తేద్దాం. కొత్తవాటికి అనుమతులు రావాలంటే రెండేళ్ళు పడుతుంది, అప్పటికి ఎవరుంటారో ఎవరు పోతారో."

మంగళవారం సాయంత్రం గడుగ్గాయి మేస్త్రి ఇంటికొచ్చింది. ముందుగదిలో మేస్త్రి భార్య మిషన్ మీద ఏదో కుడుతోంది. ఆమె ఇప్పుడు వీధి మొత్తానికీ దర్జీ.

"ఆరూ ఒకే వారంలో ఎలా చెడతాయి మావయ్యా? అంటురోగమా?"

"ఒకేరోజు కొన్నవి ఒకేసారి ముసలివవుతాయి."

"నువ్వూ అత్తయ్యా ఒకే ఏడు పుట్టారు. అత్తయ్య ముసలిదైందా?"

మిషన్ చప్పుడు ఆగింది. "కాస్త ఆలోచించి చెప్పండి" అంది భార్య, తల ఎత్తకుండా.

మేస్త్రి ఆలోచించి, మాట మార్చాడు. "నేను చెప్పింది కాదే అమ్మడూ. జడ్జిగారి మాట." జేబు తట్టుకున్నాడు. "ఇరవై రెండేళ్ళుగా ఒక్కసారి కింద పడలేదు, ఒక్కసారి చెయ్యి మారలేదు. శుభ్రంగా ఉన్నాడు."

ఆ మాటకి భార్యకు పొలమారింది. దగ్గుకుంటూ లేచి వంటింట్లోకి పోయింది. నీళ్ళిస్తానని గడుగ్గాయి వెనకే వెళ్ళింది. గ్లాసుడు నీళ్ళు తాగడానికి పట్టే సమయం మేస్త్రికి తెలుసు. వాళ్ళు దానికి పదింతలు తీసుకున్నారు. మొదట గుసగుసలు, ఆపైన నవ్వు. మామూలు నవ్వు కాదు, గోడకి ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వే నవ్వు. మేస్త్రికి వెంటనే అనుమానం వచ్చింది. కూర మాడినట్టుంది, అనుకున్నాడు.

బయటికొచ్చిన గడుగ్గాయి మొహంలో ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది. వయసులో ఉన్నప్పుడు నువ్వు కళ్ళకు గంతలు కట్టుకుని కూడా రోగం చెప్పేవాడివటగా, నిజమేనా మావయ్యా అంది.

"వయసులో ఏమిటి? ఇప్పుడు కట్టు, ఇప్పుడు చెబుతా."

"అయితే శుక్రవారం చెప్పు. ఆ ఆరింట్లో ఇంకో మంచి పిస్తోలు కలుపుతాను. మొత్తం ఏడు. మంచిదేదో కళ్ళు మూసుకుని పట్టుకుంటే, జాబితా మీద నువ్వు సంతకం పెడుతుంటే నేనే పెన్ను అందిస్తా. నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోవడమా? అది చూడ్డానికైనా ఒప్పుకుంటా" అన్నాడు మేస్త్రి. గాలం పూర్తిగా మింగాడు.

శుక్రవారం పదకొండింటికి పనిగదిలో బల్ల మీద ఏడు పిస్తోళ్ళు వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే రకం. పిడి తాకి గుర్తుపట్టకుండా ప్రతిదాని పిడికీ గుడ్డపట్టీ చుట్టి ఉంది. ఎన్నో కుట్లు చూసిన కళ్ళు కాబట్టి మేస్త్రి ఆ పట్టీల అంచు గమనించాడు. చక్కగా మడిచి కుట్టినవి. గుడ్డ తన పాత చొక్కాది. అడగబోయేలోగా తలుపు దగ్గర భార్య క్యారేజీతో ప్రత్యక్షమైంది. ఇరవై రెండేళ్ళలో ఆమె క్లబ్బు లోపలికి రావడం అదే మొదలు.

"ఏమిటి, ఇంత దూరం వచ్చావు?"

"ఇంట్లో కళ్ళు తెరుచుకుని వెతికినా మీకు ఉప్పు డబ్బా దొరకదు. ఇక్కడ కళ్ళు మూసుకుని పిస్తోలు పడతారటగా. చూద్దామని."

సెక్రటరీగారు జాబితా కోసం వచ్చి, తమాషా ఉందని తెలిసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గడుగ్గాయి ఏడింటినీ అందరి ముందూ తెరిచి ఖాళీగా ఉన్నాయని చూపించింది. అసలు తూటాలు బీరువాలో తాళం కింద ఉన్నాయి. బల్ల మీద డమ్మీలే. మేస్త్రి కళ్ళకి గంతలు పడ్డాయి. జేబులోంచి జడ్జిగారిని తీసి, తడుముకుంటూ డమ్మీలు నింపాడు.

మొదటిది. దూర్చాడు, లాగి వదిలాడు. రెండో తూటా ముక్కు కిందికి వంచి వాలుకు గుద్దుకుని ఆగింది. "పనికిరాదు."

రెండోది. రెండు తూటాలు ఒకేసారి తోసుకుని వచ్చి ఇరుక్కున్నాయి. "పనికిరాదు."

మూడు, నాలుగు. "పనికిరాదు. పనికిరాదు. తేలిగ్గానే ఉంది, ఇంకా కష్టమైనది పెట్టాల్సింది."

ఐదోది ఇరుక్కున్న ఇరుకు అలాంటి ఇలాంటిది కాదు. స్లైడు సగంలో కరుచుకుని ఎటూ కదల్లేదు. మేస్త్రి పెద్దగా నవ్వాడు. "అన్నిట్లోకీ దరిద్రం ఇదే. దీన్ని తయారుచేసినవాడికి ఒక దెబ్బ వెయ్యాలి, బాగుందని వాడుతున్నవాడికి రెండు వెయ్యాలి."

సెక్రటరీగారు కూడా నవ్వాడు. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆరోది, ఏడోది. పనికిరాదు, పనికిరాదు.

మేస్త్రి గంతలు విప్పాడు. "మంచిది కలుపుతానన్నావు, కలపలేదు. నన్నే మోసం చేద్దామనుకున్నావా?"

"కలిపాను మావయ్యా. ఐదోది."

"ఐదోదా!"

గడుగ్గాయి నెమ్మదిగా ఐదోదాని పిడికి చుట్టిన పట్టీ విప్పింది. లోపల నున్నటి చెక్క పిడి. క్లబ్బు బీరువాలో ఉండే పిస్తోళ్ళన్నిట్లోకీ చెక్క పిడి బిగించుకున్నది ఒక్కటే. అది సెక్రటరీగారిది.

సెక్రటరీగారి నవ్వు పెదవుల మీదే ఇరుక్కుపోయింది.

దాంతోపాటు గడుగ్గాయి ఒక కాగితం కూడా బల్ల మీద పెట్టింది. పోయిన నెల మేస్త్రి ఇచ్చిన పరీక్షపత్రం. 'వెన్నలో వేలు పెట్టినట్టు నడుస్తోంది.' కింద మేస్త్రి సంతకం.

మేస్త్రి ముందు తన మణికట్టును అనుమానించాడు. చెయ్యి మార్చి లాగాడు. ఇరుక్కుంది. డమ్మీలను అనుమానించాడు. వేరే డమ్మీలు నింపాడు. ఇరుక్కుంది. సెక్రటరీగారిని అనుమానంగా చూశాడు. ఆయన అంతకన్నా కోపంగా చూశాడు.

"ఒకసారికి ఒకటే మార్చాలి కదా మావయ్యా" అంది గడుగ్గాయి. అని, బ్యాచ్ సంచిలోంచి మామూలు మ్యాగజైన్ ఒకటి తీసి ముందుకు జరిపింది. గీతలు పడ్డది, మూల నొక్కుపోయింది. మేస్త్రి ముట్టుకోవడానికి కూడా ఇష్టపడని రకం.

దూర్చాడు. లాగాడు. టక్. టక్. టక్. పది డమ్మీలూ నీళ్ళలా ఎక్కి, బల్ల మీద గంతులేస్తూ పడ్డాయి.

మేస్త్రి జడ్జిగారిని దీపం కిందికి తెచ్చాడు. ఎడమ పెదవి వెంట్రుకవాసి పైకి లేచి ఉంది. అడుగు రేకు జరిపి స్ప్రింగు లాగాడు. స్ప్రింగుకి తుప్పు. స్ప్రింగు చుట్టల మధ్య చొక్కా నూలుపోగులు, ముద్దైపోయిన బస్సు టికెట్టు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

సబ్బు వాసన.

తల ఎత్తి భార్య వైపు చూశాడు. ఆమె గోడ మీద బోర్డు చదువుతోంది. చాలా శ్రద్ధగా.

"ఏమిటి మేస్త్రీ, స్ప్రింగు పోయిందా?" అన్నాడు సెక్రటరీగారు. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అవును సార్, ఇరవై రెండేళ్ళ స్ప్రింగు, ముసలిదైపోయింది. ఆ మాట చాలు. పరువు దక్కుతుంది, గడప సంగతి గడపలోనే ఉంటుంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"సరే, పోతే పోయింది. ఎప్పుడు పోయింది?" సెక్రటరీగారు ముందుకు వంగాడు. "నిన్నా? మూణ్ణెల్ల కిందటా? మూడేళ్ళా? అది చెప్పలేకపోతే మీరిచ్చిన ఏ పత్రమూ చెల్లదు. మీరు బాగుందన్నవీ చెల్లవు, బాలేదన్నవీ చెల్లవు. అన్నీ అనుమానమే. అనుమానం ఉన్న పిస్తోళ్ళు కొత్తవాళ్ళ చేతికి ఇవ్వమని కమిటీకి నేను చెప్పను. ఆరూ తుక్కులోకే."

గడుగ్గాయి మొహంలో రంగు పోయింది. తమాషా ఇక్కడిదాకా వస్తుందని దాని లెక్కలో లేదు. మావయ్య మాట తప్పని తేలితే ఆరూ బతికిపోతాయనుకుంది. మాటే చెల్లదంటే అందరికన్నా ముందు పోయేవి అవే.

మేస్త్రి జడ్జిగారిని అటూ ఇటూ తిప్పాడు. తేదీ కావాలి. తేదీ ఆయనకిప్పుడు తెలుసు. శనివారం మధ్యాహ్నం తిని, చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, రెండుగంటలు నిద్రపోయాడు. లేచేసరికి కుర్చీ మీద చొక్కా లేదు, జడ్జిగారు మాత్రం కిటికీ గట్టు మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. తనే తీసిపెట్టాననుకున్నాడు. కానీ ఆ తేదీ చెప్పాలంటే ఆ చోటు కూడా చెప్పాలి. చెబితే ఆ బోర్డు.

భార్య సూది ఎటు పెట్టాలో ఆయనే కనుక్కోవాలన్నట్టు నిలబడింది.

"పోయిన శనివారం" అన్నాడు మేస్త్రి.

"అంత కచ్చితంగా ఎలా తెలుసు?"

"మా ఇంట్లో కాబట్టి." గొంతు సవరించుకున్నాడు. "జేబులో పెట్టుకుని తీసుకెళ్ళాను సార్. రోజూ తీసుకెళ్తాను. శనివారం వాషింగ్ మెషిన్‌లో పడ్డాడు. ఆ ముందురోజు దాకా ఇచ్చిన తీర్పులన్నీ నికరం. సోమవారం ఇచ్చిన ఆరు మాత్రం అబద్ధం. మీదానిది పోయిన నెలది కాబట్టి అది నిజం."

"రెండో విడత" అంది భార్య, ఇక ఆపుకోలేక. "తెల్లబట్టలు. నలభై నిమిషాలు టకటకమంటూనే ఉంది. బొత్తాం అనుకున్నా."

మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. "చెప్పొచ్చుగా!"

"ముట్టుకోవద్దన్నారుగా, ఇరవై రెండేళ్ళుగా? నేను ముట్టుకోలేదు. మెషిన్ ముట్టుకుంది. ఎండలో పెట్టేటప్పుడు కూడా పట్టకారుతో తీశాను."

ముందుగా నవ్వింది సెక్రటరీగారే. నవ్వుతూ నవ్వుతూ బోర్డు వైపు చూశాడు. బోర్డు వైపు చూశాక ఆయన నవ్వు ఇంకాస్త పెరిగింది. పార్కింగులో స్కూలు బస్సును క్షమించేంత పెరిగింది. "ఎవరికీ మినహాయింపు లేదు" అని పైకి చదివాడు. "జాబితా చింపెయ్యండి మేస్త్రీ. ఆరింటికీ మళ్ళీ పరీక్ష చేసి ఇవ్వండి. సోమవారం పొద్దున్న ఆరింటికి నేను కూడా వస్తాను. చూడాలి కదా."

మధ్యాహ్నమంతా మేస్త్రి మూడు వేర్వేరు మ్యాగజైన్లు పెట్టి, ఒక్కోదాన్నీ ఒక్కో పిస్తోలులో మార్చి మార్చి చూశాడు. ఐదు పిస్తోళ్ళు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. 'సాధారణ వృద్ధాప్యం' అని రాసిన నాలుగోది అన్నిట్లోకీ హుషారుగా ఉంది. ఆరోది మాత్రం మూడు మ్యాగజైన్లతోనూ ఇరుక్కుంది. వాలు మీద గీత పడి ఉంది. అది నిజమైన రోగం. దాన్ని చూసి మేస్త్రి ఎంత సంతోషపడ్డాడంటే, రోగం దొరికినందుకు అంత పొంగిపోయినవాణ్ణి ఎవరూ చూసి ఉండరు. గంటలో గీత నున్నగా చేసి, అదీ నడిపించాడు. ఎర్ర చీటీలు ఐదు చింపేశాడు. ఆరో చీటీని జడ్జిగారికి కట్టి, 'పనికిరాదు' పక్కన 'సబ్బు' అని కారణం రాసి, బోర్డు కింద మేకుకు తగిలించాడు.

సోమవారం ఆరింటికి మేస్త్రి ప్లాస్టిక్ బుట్ట పట్టుకుని వరసల వెనక వంగాడు. బట్టతలాయన టీ గ్లాసుతో ప్రత్యేకంగా వచ్చి గోడ మీద కూర్చున్నాడు. "మేస్త్రి గారూ, ఆ మూల ఒకటి మిగిలింది. ఆ, ఇంకాస్త వంగాలి" అని దారి చూపించాడు. తుపాకీ దించి పోస్టుమాస్టరమ్మ, "నడుముకి చాలా మంచిదండీ" అని ధైర్యం చెప్పింది. సెక్రటరీగారు వచ్చాడు, కారు స్కూలు బస్సు వెనక పెట్టుకుని.

వంగి ఉన్నవాడికి నిలబడ్డవాళ్ళకి కనిపించనివి కనిపిస్తాయి. మూడో రోజున, బల్లల కింది నుంచి చూస్తున్న మేస్త్రికి ఒక చెయ్యి కనిపించింది. మూడో వరసలో ఉన్న పెద్ద తోడికోడలు, గురిబొమ్మ మార్చేటప్పుడు, తన ట్రేలోని మ్యాగజైన్ ఒకటి తీసి నాలుగో వరస ట్రేలో పెట్టి, అక్కణ్ణుంచి ఇంకోటి తెచ్చుకుంది. కాసేపటికి నాలుగో వరసలో తూటా ఇరుక్కుంది. మర్నాడు చిన్న తోడికోడలు అదే పని తిరగ్గా చేసింది. మూడో వరసలో ఇరుక్కుంది. ఒక పెదవి వంకరపోయిన ఆ మ్యాగజైన్ ఎన్ని నెలలుగా ఇద్దరి మధ్యా వాయనంలా తిరుగుతోందో! ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ గడుగ్గాయి దగ్గరికి వచ్చి, "ఏమిటోనమ్మా, ఈ పిస్తోలు" అని నిట్టూర్చినవాళ్ళే.

మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. వాళ్ళు టీకి వెళ్ళినప్పుడు ఆ మ్యాగజైన్ తీసి, దాని చోట మంచిది పెట్టాడు. ఇక రేపట్నుంచి ఎవరు ఎవరికి మార్చుకున్నా ఇద్దరికీ తూటాలు సాఫీగా ఎక్కుతాయి, ఇద్దరికీ మనసు మాత్రం కుదుటపడదు. అది తలుచుకుని ముసిముసిగా నవ్వుకుంటూ, గదికి వెళ్ళి ఆ పెదవి సరిచెయ్యాలనుకుంటూ, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ మ్యాగజైన్‌ను ఎడమ జేబులోకి జార్చబోయాడు.

జారలేదు. వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. జేబు పైఅంచు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కుట్టేసి ఉంది. సన్నటి కుట్లు, ఒక్కటి కూడా తప్పకుండా.